మాడ్యూల్ రాసే ముందు పిల్లల నోటు పుస్తకాలు తెరవండి

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్‌ని. ఉద్యోగంలో చేరి పాతికేళ్లు దాటింది. ఉపాధ్యాయుల శిక్షణ కోసం భిన్నాల మీద ఒక మాడ్యూల్ రాసే పని ఈ ఏడాది నాకు అప్పగించారు. నాకు తెలిసినట్టు రాసి పంపితే ‘ఇందులో సిద్ధాంతం లేదు’ అని తిప్పి పంపారు. పుస్తకాలు తిరగేసి సిద్ధాంతం చేర్చాక చదువుకుంటే, అది నేను రాసినట్టే అనిపించలేదు. ఈలోగా స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి ‘ఇకనుంచి మాకు కూడా పాఠాలు చెబుతారన్నమాట మేడమ్’ అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ మనసుకు గుచ్చుకుంది. పిల్లలకు చెప్పడం వచ్చు, తోటి ఉపాధ్యాయుల కోసం రాయడం రావడం లేదు. రిటైరయ్యాక ప్రైవేటు పాఠశాలల కోసం కూడా ఇలాంటివి రాయాలని ఉంది. నా అనుభవం వాళ్లకు పనికొచ్చేలా ఎలా రాయాలి?

— ఒక గణిత ఉపాధ్యాయురాలు

సమాధానం:

టీచర్ గారికి నమస్కారం.

ముందు ఆ సహోద్యోగి మాట సంగతి చూద్దాం. అది మీ మీద కోపం కాదని నా నమ్మకం. మన ఉపాధ్యాయులకు శిక్షణలు కొరతేమీ కాదు. 2019లో నిష్ఠ అనే జాతీయ ఉపాధ్యాయ శిక్షణ కార్యక్రమం మొదలైంది, మరుసటి ఏడాది అది దీక్షా అనే ఆన్‌లైన్ వేదిక మీదకు, అంటే ఫోన్లలోకి వచ్చింది. ఏటా కనీసం 50 గంటల వృత్తి వికాస శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. చుట్టుపక్కల పాఠశాలల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాలు ఎటూ ఉన్నాయి. ఇన్ని గంటలు కూర్చుని లేచాక మర్నాడు తరగతిలో చేతికి అందేది ఏమీ లేకపోతే, ‘మరొకటి వస్తోంది’ అన్న మాట వినగానే ఎవరికైనా నీరసం వస్తుంది. ఆయన నవ్వు వెనక ఉన్నది ఆ నీరసమే. అందులో ఒక న్యాయమైన ప్రశ్న కూడా ఉంది: మాకు చెప్పడానికి మీకున్న అర్హత ఏమిటి? దీనికి మీ దగ్గర గట్టి సమాధానం ఉంది. ఆయన గంట కొట్టగానే వెళ్లేలాంటి తరగతికే మీరూ వెళ్తారు. అలాంటి పిల్లలే మీ ముందూ కూర్చుంటారు. మీరు రాసే పేజీలో ఆ తరగతి కనిపించినంతవరకు ఆ అర్హతను ఎవరూ కాదనలేరు. అది కనిపించకుండా పోయి ‘విద్యార్థి కేంద్రిత బోధనాభ్యసన ప్రక్రియలు’ మొదలైన చోట ఆయన పేజీ తిప్పేస్తారు. అందులో ఆయన తప్పేమీ ఉండదు.

ఇక అసలు కష్టానికి వద్దాం. అనుభవం ఉన్నవాళ్లకు రాయడం తేలిక కావాలి కదా, మరి ఎందుకు కాదు? ఏళ్ల తరబడి చేసి చేసి, మీరు చేసే మంచి పనుల్లో సగం మీకే కనిపించకుండా పోయాయి. ఒక పిల్లవాడు 1/2 + 1/3 = 2/5 అని రాస్తాడు. పలక మీద గీత పూర్తి కాకముందే వాడి తలలో ఏం జరిగిందో మీకు తెలిసిపోతుంది. వాడిని ఒక ప్రశ్న అడుగుతారు. ఆ ప్రశ్న ఎందుకు అడిగారంటే, ‘అలా అలవాటైపోయింది’ అంటారు. రాయవలసిన మాడ్యూల్ ఆ ప్రశ్నలోనే ఉంది. కానీ రాయడానికి కూర్చోగానే కలం మీద మొదట వచ్చే వాక్యం ‘భిన్నాల భావనను కృత్యాధారంగా పరిచయం చేయాలి’ అన్నది. ఈ వాక్యం తప్పేమీ కాదు. అయితే కొత్తగా చేరిన ఉపాధ్యాయుడికి ఇది ఏ సాయమూ చేయదు, పాతవారికి కొత్తగా ఏమీ చెప్పదు.

అందుకని తెల్లకాగితంతో మొదలుపెట్టకండి. పిల్లల నోటు పుస్తకాలు తెప్పించుకోండి. ఈ ఏడాదివి, దొరికితే పాత జవాబు పత్రాలు కూడా. భిన్నాల్లో వాళ్లు చేసిన తప్పులను, వాళ్ల రాతలో ఉన్నవి ఉన్నట్టుగా, ఒక్కొక్కటి ఒక్కో కాగితం మీదకు ఎత్తి రాయండి. దిద్దకండి. పిల్లల పేర్లు, పాఠశాల పేరు మాత్రం తీసేయండి. వాళ్ల తప్పులు జిల్లా అంతా తిరుగుతాయి, పేర్లు తిరగనక్కర్లేదు. తర్వాత ఆ కాగితాలను నేల మీద పరిచి, ఒకే రకం ఆలోచనలోంచి వచ్చినవి ఒక చోటికి చేర్చండి.

ఎక్కడ చూసినా దాదాపు ఇవే గుంపులు కనిపిస్తాయి. లవాన్ని, హారాన్ని రెండు విడి సంఖ్యలుగా చూసి పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడేవాళ్లు. 3 కన్నా 4 పెద్దది కాబట్టి 1/3 కన్నా 1/4 పెద్దదనేవాళ్లు. బొమ్మను నాలుగు ముక్కలు చేసి, ముక్కలు సమానంగా లేకపోయినా మూడింటికి రంగు వేసి 3/4 అనేవాళ్లు. సంఖ్యారేఖ మీద 3/4ను 3కూ 4కూ మధ్య పెట్టేవాళ్లు. ఇక నాకు చాలా ఇష్టమైన గుంపు ఇంకొకటి ఉంది: ‘5/3 ఎలా కుదురుతుంది టీచర్, మూడు ముక్కలే చేశాక అయిదు ఎలా తీస్తాం?’ అని అడిగేవాళ్లు. ఆ పిల్లలు తప్పు చేయలేదు. మనం రొట్టె బొమ్మ గీసి ‘మొత్తంలో కొంత భాగం’ అని నేర్పిన నిర్వచనాన్ని నిజాయితీగా నమ్మి, అది ఎక్కడ విరుగుతుందో కనిపెట్టారు. ఆ బొమ్మ ఒక్కదానితో 5/3 అర్థం కాదు. కొలత కావాలి, సంఖ్యారేఖ కావాలి, అయిదు రొట్టెలను ముగ్గురు పంచుకోవడం కావాలి.

మిమ్మల్ని అడిగిన సిద్ధాంతం ఇదే. మీరు పుస్తకాలు తిరగేసి చివర అతికించినది కాదు. విషయం తెలియడం ఒకటి, బోధన పద్ధతులు తెలియడం మరొకటి, ఫలానా విషయంలో పిల్లలు ఎక్కడ తడబడతారో, ఏ ఉదాహరణ ఎంతవరకు నిలబడుతుందో తెలియడం వీటికి మించిన ప్రత్యేక జ్ఞానమని అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ 1986లోనే చెప్పారు. అది ఉపాధ్యాయుల దగ్గర మాత్రమే ఉంటుంది. తప్పు ముందు చూపించి, ‘ఈ పిల్లవాడు ఇలా ఎందుకు అనుకున్నాడు’ అన్న ప్రశ్న చదివేవారి మనసులో పుట్టాక, దాని వెనకున్న కారణాన్ని రెండు మూడు వాక్యాల్లో చెప్పండి. ఆకలి వేశాక వడ్డించిన అన్నంలా అది లోపలికి వెళ్తుంది. మాడ్యూల్ తిప్పి పంపినవారిని కూడా ఒకసారి నేరుగా అడగండి, ఏ పేజీలో ఏ కారణం లోపించిందని. చాలాసార్లు వాళ్లు కోరేది ‘ఇలా చేయండి’ పక్కన ‘ఎందుకంటే’ అన్న ఒక్క వాక్యమే.

ఒక పేజీ ఎలా ఉండవచ్చో చూపిస్తాను. పైన 1/2 + 1/3 = 2/5 అన్న పిల్లవాడి లెక్క అచ్చంగా వేయండి. దాని కింద, ‘కిందకు చదవకముందు, ఈ పిల్లవాడు ఎలా ఆలోచించాడో ఒక వాక్యం రాయండి’ అని నాలుగు గీతల ఖాళీ వదలండి. తర్వాత మీరు అడిగే ప్రశ్న ఇవ్వండి: ‘నీ దగ్గర సగం ఉంది. దానికి ఇంకొంచెం కలిపాను. ఇప్పుడు నీ దగ్గర ఉన్నది సగం కన్నా ఎక్కువా, తక్కువా?’ పిల్లవాడు ఎక్కువే అంటాడు. అప్పుడు 2/5 సగం కన్నా తక్కువని వాడి చేతే చూపించాలి. ఎలా? 12 సెంటీమీటర్ల కాగితం పట్టీ కత్తిరించమనండి. అందులో సగం 6 సెంటీమీటర్లు, మూడో వంతు 4. రెండూ పక్కపక్కన పెడితే 10 సెంటీమీటర్లు. పట్టీని అయిదు సమాన భాగాలు చేసి రెండు తీసుకుంటే 5 సెంటీమీటర్లు కూడా రావు. సగంతో మొదలుపెట్టి కూడితే సగం కన్నా తగ్గిందేమిటని వాడు ఆగిపోతాడు. ఆ ఆగడం కోసమే ఈ పని అంతా. తర్వాత 2 సెంటీమీటర్ల ముక్క ఒకటి ఇచ్చి కొలవమనండి. సగంలో మూడు పడతాయి, మూడో వంతులో రెండు, మొత్తం పట్టీలో ఆరు. అయిదు బై ఆరు వాడి చేతిలోనే ఉంది.

ఇంతవరకు చాలామంది రాయగలరు. మీ పాతికేళ్లు ఉపయోగపడేది దీని తర్వాత. మడతపెట్టి మూడు సమాన భాగాలు చేయమంటే పిల్లలు నాలుగు చేస్తారు కాబట్టి స్కేలుతో గుర్తు పెట్టించడం మేలని రాయండి. ఒక్కొక్కరు ఒక్కో పొడవు పట్టీ కత్తిరించి ‘నా సగం, వీడి సగం ఒకటి కావేం’ అని గొడవ పడతారని రాయండి. ఆ గొడవను ఆపకూడదని కూడా రాయండి, ఎందుకంటే ఏ మొత్తంలో సగం అన్నదే అక్కడ నేర్వవలసిన పాఠం. ట్యూషన్‌లో కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) నేర్చుకున్న అమ్మాయి పట్టీ ముట్టుకోకుండానే 5/6 అని చెప్పేసి కూర్చుంటుంది. ఆమెకు ఏమివ్వాలి? ‘1/2 + 1/5 చూపించాలంటే ఎంత పొడవు పట్టీ తీసుకుంటావు?’ అని అడగమనండి. ఆమె 10 సెంటీమీటర్లు అందంటే కసాగు ఎందుకు తీస్తున్నామో తెలిసిందన్నమాట. బిక్కమొహం వేస్తే, ఆమెకు పద్ధతి వచ్చింది గానీ అర్థం రాలేదన్నమాట. ఇలాంటి ఒక్క ప్రశ్న ఉన్న పేజీ పది పేజీల ఉద్దేశాల కన్నా విలువైనది. ఇది ఏ పెద్ద సంస్థ కార్యాలయంలోనూ పుట్టదు. మీలాంటివారి తరగతిలోనే పుడుతుంది. అందుకే మీరు ఈ పని వదలకూడదని ఇంతగా చెబుతున్నాను.

ఎక్కడ పని చేయదో కూడా నిస్సంకోచంగా రాయండి. అరవైమంది ఉన్న తరగతిలో అందరికీ కత్తెరలు దొరకవు, జంటకు ఒక పట్టీ చాలు. అయిదు తరగతులకు ఇద్దరే ఉపాధ్యాయులున్న ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతికి పట్టీలిచ్చి రెండో తరగతి దగ్గరకు వెళ్లవలసి వస్తుంది. అప్పుడు పిల్లలు తమంతట తాము చేయగలిగిన భాగం ఏదో, మీరు పక్కన ఉండి తీరవలసిన భాగం ఏదో విడదీసి చెప్పండి. 45 నిమిషాల పీరియడులో హాజరు పిలిచాక మిగిలే సమయంలో ఇది అయిపోతుందా, రెండు రోజులు పడుతుందా? ఇవన్నీ రాస్తే చదివేవారికి మీ మీద నమ్మకం కుదురుతుంది.

పెద్దల కోసం రాయడం రావడం లేదన్నారు. పెద్దలకు రాయడంలో నిజంగా వేరుగా ఉండేది ఒకే ఒక్కటి: వాళ్ల గౌరవం. ఉపాధ్యాయులను పిల్లల్లా నటించమని, చప్పట్లు కొట్టించి పాటలు పాడించే శిక్షణలు నాకు నచ్చవు. వాళ్ల స్థాయికి తగిన లెక్క ఇవ్వండి. ఉదాహరణకు, 1¾ ÷ ½ కు సరిపోయే నిత్యజీవితపు లెక్క ఒకటి తయారు చేయమనండి. లిపింగ్ మా అనే పరిశోధకురాలు ఈ ప్రశ్నకే అమెరికా, చైనా ప్రాథమిక ఉపాధ్యాయులు ఇచ్చిన జవాబులను పోల్చి, 1999లో ఆ అధ్యయనాన్ని ప్రచురించారు. అమెరికా ఉపాధ్యాయుల్లో చాలామంది సరైన లెక్క తయారు చేయలేకపోయారు. ఇద్దరికి సమానంగా పంచే లెక్క రాయడం వాళ్లు చేసిన పొరపాట్లలో ఒకటి. అది 2తో భాగించడం అవుతుంది. ఒకటీ ముప్పావు లీటరు నూనెను అర లీటరు సీసాల్లో పోస్తే మూడున్నర సీసాలు వస్తాయన్నది సరైన లెక్క. మన శిక్షణ గదుల్లోనూ ఇది మంచి చర్చ లేపుతుంది. అయితే ఎవరినీ బోర్డు దగ్గరకు పిలవకూడదని మాడ్యూల్‌లో స్పష్టంగా రాయండి. ముందు ఎవరి కాగితం మీద వారు రాసుకోవాలి, తర్వాత పక్కవారితో పోల్చుకోవాలి. శిక్షణ ఇచ్చే రిసోర్సు పర్సన్ కూడా వాళ్లతో పాటు కూర్చుని రాయాలి. ఇరవై ఏళ్లుగా గణితం చెబుతున్న మనిషి నలుగురిలో తప్పు చేసి చిన్నబోతే, ఆ రోజు ఇంకేమీ నేర్చుకోరు.

ఉపన్యాసం వినడం వల్ల తరగతిలో మార్పు రాదని, చేసి చూపించడం, అభ్యాసం, వాటిపై వెంటనే అభిప్రాయం, ఆ తర్వాత తరగతిలో ఒక సహచరుడి తోడు కావాలని బ్రూస్ జాయిస్, బెవర్లీ షవర్స్ 1980లలోనే చెప్పారు. కాబట్టి మీ మాడ్యూల్‌ను ఒకే రోజులో ముగించకండి. మొదటి సమావేశంలో ఒక తప్పు, ఒక ప్రశ్న, పట్టీల పని. తర్వాత తరగతిలో చేసి చూడడం. వచ్చే కాంప్లెక్స్ సమావేశానికి ఒక్కొక్కరు మూడు నోటు పుస్తకాలు పట్టుకురావడం. రెండో సమావేశం ఆ నోటు పుస్తకాల మీదే నడుస్తుంది. మన దేశంలో దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన విజ్ఞాన బోధన కార్యక్రమంలో ఉపాధ్యాయులు నెలనెలా కలిసేవారు. ఏ ప్రయోగం కుదిరింది, ఏది కుదరలేదన్నది చర్చకు వచ్చేది, పాఠాలు దాన్నిబట్టి మారేవి. 2002లో ప్రభుత్వం ఆపేసేవరకు మూడు దశాబ్దాలు నడిచింది. రాసేవారు, చదివేవారు వేరువేరు జాతులు కాదని ఆ కార్యక్రమం చూపించింది.

మన దగ్గర కూడా బ్రిటిష్ సహాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, అదే ‘అప్పెప్’, ఆరు బోధనా సూత్రాలను, ఉపాధ్యాయ కేంద్రాలను తెచ్చింది. స్థానిక పరిసరాలను వాడుకోవడం, చేయడం ద్వారా నేర్చుకోవడం, వ్యక్తిగత భేదాలను గమనించడం వంటివి ఆ సూత్రాల్లో ఉన్నాయి. అవి ఇవాళ్టికీ సరైనవే. కానీ సూత్రాన్ని మాత్రమే చేతికిచ్చి రేపటి పాఠాన్ని ఇవ్వకపోతే, అది గోడ మీద చార్టుగా మిగిలిపోతుంది. మీ మాడ్యూల్‌లో ప్రతి సూత్రం పక్కనా ఒక పాఠం ఉండనివ్వండి.

మరొక ముఖ్య విషయం. మీరు రాసినది రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగుతుంది. దిగే కొద్దీ రోజులు తగ్గుతాయి, చర్చలు పోతాయి, స్లయిడ్లు మాత్రం మిగులుతాయి. మండలంలో చెప్పే రిసోర్సు పర్సన్‌కు మీ పుస్తకం ముందు రోజు రాత్రి అందిందనుకునే రాయండి. ‘సమయం తక్కువగా ఉంటే ఈ భాగం వదిలేయండి, నోటు పుస్తకాల చర్చ మాత్రం వదలకండి’ అని పేజీ పైనే రాసేయండి. ఇలా రాసేవారు తక్కువ. మీరు రాయకపోతే, ఏది తీసేయాలో నిర్ణయించేది మధ్యాహ్న భోజన సమయం.

రాత పూర్తయ్యాక పైకి పంపకముందు ఒక పని చేయండి. డీఎస్సీలో ఈమధ్యే ఎంపికై మీ దగ్గర్లో చేరిన ఒక ఉపాధ్యాయురాలికి ఒక సెషన్ మాత్రమే ఇచ్చి, పాఠం చెప్పమని అడగండి. మీరు నోటితో ఏమీ వివరించకండి. వెనక బెంచీ మీద కూర్చుని చూడండి. ఆమె ఎక్కడ కాగితం వైపు చూసి ఆగారో అక్కడ మీ వాక్యం సరిగా లేదు. ఆమె సొంతంగా చేర్చిన మంచి ప్రశ్న ఏదైనా ఉంటే, అడిగి తీసుకుని, ఆమె పేరుతో చేర్చండి. తర్వాత స్టాఫ్ రూములో నవ్విన ఆ సహోద్యోగికి కూడా ఒక పేజీ ఇవ్వండి. ‘చదివి అభిప్రాయం చెప్పండి’ అనకండి. ‘మీ తరగతిలో 2/5 రాసేవాళ్లు ఉన్నారా, వాళ్లను మీరేం అడుగుతారు?’ అనండి. ఆయన దగ్గర కూడా ఏళ్లుగా ఎవరూ అడగని సమాధానాలు ఉంటాయి.

భాష గురించి క్లుప్తంగా చెబుతాను. నేరుగా తెలుగులోనే ఆలోచించి రాయండి. లవం, హారం, కసాగు లాంటి పుస్తకం మాటలు ఉండవలసిందే, అవి తరగతిలో రోజూ పలికేవే. ‘చేయవలెను’, ‘చేయబడును’ మాత్రం తీసేయండి. మీరు ఎదురుగా కూర్చుని ఒక తోటి టీచరుతో మాట్లాడుతున్నప్పుడు ఎలాంటి వాక్యం వస్తుందో అదే రాయండి.

ఇక రిటైరయ్యాక రాసే సంగతి. ఇప్పుడు ఉద్యోగ విధిలో భాగంగా రాసినదానిపై కాపీహక్కు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వానిదే. దాన్ని అలాగే తీసుకెళ్లి ప్రైవేటు ప్రచురణకర్తకు ఇవ్వకండి. సర్వీసులో ఉండగానే బయటివారికి రాయాలనుకుంటే ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమాలు చూసుకుని, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మీ పాత నోట్సు, కొత్త ఆలోచనలు వేరే ఫైలులో పెట్టుకుంటే తర్వాత చిక్కు ఉండదు. రిటైరయ్యాక ఒప్పందం చేసుకునేటప్పుడు హక్కులు ఎంతకాలానికి, ఏ ప్రాంతానికి ఇస్తున్నారో స్పష్టంగా రాయించండి. కాలం రాయకపోతే చట్టం దాన్ని అయిదేళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశంగా తీసుకుంటుంది. హక్కులు అమ్మేసినా, రచన తనదని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద రచయితకు ఉంటుంది. పేరు వేయడం గురించి మొహమాటపడకుండా అడగండి.

ప్రైవేటు పాఠశాలలకు రాసేముందు వాటిలో కొన్నింటిలో కొన్ని రోజులు కూర్చుని చూడండి. చిన్న పాఠశాలల్లో ఉపాధ్యాయులు తరచూ కుర్రవాళ్లు, కొందరికి బీఎడ్ కూడా ఉండదు, పైనుంచి సిలబస్ వేగం తరుముతూ ఉంటుంది. పరిషత్ పాఠశాల కోసం రాసిన మాడ్యూల్ అక్కడ యథాతథంగా సరిపోదు. వాళ్ల నోటు పుస్తకాలు చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో మీకే తెలుస్తుంది.

ఇప్పటికి మాత్రం మొత్తం మాడ్యూల్ గురించి ఆలోచించకండి. దసరా సెలవుల లోపు భిన్నాల కూడికల సెషన్ ఒక్కటే పూర్తి చేసి, ఆ కొత్త టీచరు తరగతిలో చూశాక, మీరు మార్చిన పేజీ, మార్చకముందు పేజీ రెండూ నాకు పంపండి. చదివి, ఏ వాక్యం దగ్గర ఆగానో గుర్తుపెట్టి తిరిగి పంపుతాను.